గృహారోగ్యము: పిల్లల తలలో పేలు

ఈ నెల మా శీర్షికయందు మిగుల చిన్న ప్రాణిని గూర్చి ముచ్చటింపదలచితిమి. అది నువ్వుగింజకంటె పెద్దది కాదు. దానికి రెక్కలు లేవు, ఎగురలేదు, గెంతలేదు. అయినను దాని పేరు పదిమందిలో ఎత్తుటకు మనము సిగ్గుపడుదుము. అదియే మన పిల్లల తలలోని పేను. పేనుకు పెత్తనమిచ్చిన తలయంతయు కొఱికినదని మనవారు సామెత చెప్పుదురు. ఆ పెత్తనమును పేనుకిచ్చునది మన సిగ్గే యని మా యభిప్రాయము. దాచినకొలది అది పెరుగును. పెరిగిన పిదప మనము కోపము తెచ్చుకొని బిడ్డను తిట్టుదుము, కొట్టుదుము, విషపు మందులు పూయుదుము, కత్తెర పట్టుదుము. వారమునకు ఒకమాఱు పిల్లల తల చూచు నియమమును ఏర్పఱచుకొన్న యింట ఇన్ని యవస్థలు ఉండవు. ఇదియే ఈ మాసమున మేము చెప్పదలచిన మాట.

బొబ్బిలి పట్టణమునందును, చుట్టుపట్ల పల్లెలయందును మధ్యాహ్న భోజనములైన పిదప వీధియరుగు మెట్లమీద ఒకరి వెనుక నొకరు కూర్చుండి తలలు చూచుకొను స్త్రీలు నేటికిని కానవత్తురు. మనుమరాలి తల మామ్మ చూచును. చెల్లెలి తల అప్ప చూచును. ఇది ఊసుపోక చేయు పనియని కొందఱు నవ్వుదురు. మేము నవ్వము. కుటుంబములోని చేతులే కుటుంబములోని తలలను కాపాడు మంచి యాచారమిది. కాని నానాటికి ఇది సన్నగిల్లుచున్నది. తల్లి పనికి పోవును. పిల్ల బడికి పోవును, లేదా వసతిగృహమున నుండును. ఇంట మిగిలిన మామ్మకు చత్వారము వచ్చినది. ఆచారము తగ్గినను పేలు తగ్గలేదు. కావున వెనుకటి యాచారమునకు నేటి వైద్యశాస్త్రము చెప్పిన పద్ధతిని జోడించి మరల నిలువబెట్టుకొనవలసియున్నది.

పేలబాధ మన ప్రాంతమునకే, మన కాలమునకే చెందినది కాదు. ఇప్పటి ఇజ్రాయెలు దేశమునందలి లాఖీషు అను పురాతన నగరపు త్రవ్వకములలో 2016వ సంవత్సరమున ఏనుగుదంతపు దువ్వెన యొకటి దొరకినది. దానిపై గీయబడియున్న చిన్న యక్షరములను పండితులు చదివి 2022లో లోకమునకు తెలిపిరి. తలవెండ్రుకలనుండియు గడ్డమునుండియు ఈ దంతము పేలను తొలగించుగాక యను కోరిక అందు వ్రాయబడియున్నది. ఆ దువ్వెన సుమారు 3,700 ఏండ్లనాటిదట. అక్షరమాలతో వ్రాయబడి నేటివఱకు దొరకిన పూర్ణవాక్యములలో మొదటిది ఇదియే యని వారి యూహ. ఆ దువ్వెన పండ్ల నడుమ పేనుపిల్ల యొక్క పైపొర తునుక కూడ చిక్కియున్నదని కనుగొనిరి. ఏనుగుదంతపు దువ్వెన వాడినవారు పేదలు కారు గదా! పేను కలవారి తలయని, లేనివారి తలయని భేదమెఱుగదని ఆనాడే ఋజువైనది.

అట్లే అది శుచియని, అశుచియని భేదమును ఎఱుగదు. పేను మాడుచర్మమునుండి నెత్తురు పీల్చి బ్రదుకును. మురికిని తిని బ్రదుకదు. నిన్ననే తలంటుకొన్న తలయైనను, నెలనాళ్లుగా నీరెఱుగని తలయైనను దానికి ఒక్కటియే. పేలను అసహ్యించుకొనుటకు ఒక కారణము లేకపోలేదు. మనము చీరపేను అని పిలుచు మఱియొక జాతి కలదు. అది ఒడలి బట్టలలో నివసించును. టైఫసు అను ఘోరమైన జ్వరమును అది ఒకరినుండి యొకరికి చేర్చునని ట్యూనిసు నగరమున చార్లెసు నికోల్ అను వైద్యుడు 1909లో కనిపెట్టి, అందులకు 1928లో నోబెలు బహుమానమును పొందెను. తలపేను అట్టి జ్వరములను వ్యాపింపజేయదు. చీరపేనుకు చెందవలసిన భయమును తలపేనుకు అంటగట్టుట, ఆ తలపేనున్న బిడ్డకు అంటగట్టుట న్యాయము కాదు.

అయిన తలపేలవలన కీడే లేదా యందురేమో! కలదు. రాత్రులు దురదచేత పిల్లలకు నిద్ర చాలదు. మఱునాడు బడిలో పాఠముమీద మనసు నిలువదు. గోకిగోకి మాడు పుండగును. ఆ పుండ్లలో చీము పట్టును. చెవుల వెనుకను మెడమీదను బిళ్లలు కట్టును. ఒక సంగతి మాత్రము స్పష్టముగా చెప్పవలయును. తలమీద రూపాయిబిళ్లంత మేర నున్నగా జుట్టు రాలిపోవు జబ్బును మనవారు పేనుకొఱుకుడు అందురు. పేరు అట్లున్నను అది పేను కొఱికినందువలన వచ్చినది కాదు. శరీరమును కాపాడవలసిన శక్తియే పొరబాటున వెండ్రుకల కుదుళ్లపై తిరుగబడుటచేత అది కలుగును. అట్టి మచ్చను చూచి పేలమందు పూయుట వలన ఫలము లేదు, చర్మవైద్యునకు చూపవలయును.

ఇక శత్రువు యొక్క జీవితక్రమమును తెలిసికొందము. ఉపాయమంతయు దానిలోనే యున్నది. పెద్దపేను 2 లేక 3 మిల్లీమీటర్ల పొడవుండును. దాని ఆఱు కాళ్ల చివరలను వెండ్రుకను పట్టుకొనుటకు కొక్కెములవంటి గోళ్లుండును. ఆడుపేను సుమారు నెల దినములు బ్రదికి, దినమునకు ఎనిమిది గ్రుడ్లవఱకు పెట్టును. ఈ గ్రుడ్లనే మనము ఈళ్లు అందుము. మాడుకు దగ్గఱగా వెండ్రుకకు బంకతో అతికించునట్లు పెట్టుటచేత అవి నీటికి పోవు, దులిపిన రాలవు. వారము పది దినములలో ఈరు పగిలి పిల్ల బయటకు వచ్చును. ఆ పిల్ల పెరిగి తాను గ్రుడ్లు పెట్టుటకు మఱి తొమ్మిది మొదలు పండ్రెండు దినములు పట్టును. తలను విడిచి క్రింద పడిన పేను ఆహారము లేక రెండు దినములలోపల చచ్చును. వెండ్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. కావున మాడునుండి పావు అంగుళమునకు మించిన దూరములో కనబడు ఈళ్లు చాలవఱకు పిల్ల వెడలిపోయిన వట్టి పెంకులే. వానిని చూచి దిగులుపడ పనిలేదు.

పేను ఎగురదనియు గెంతదనియు చెప్పితిమి. మఱి ఒక తలనుండి ఇంకొక తలకు ఎట్లు పోవును? తలకు తల తగిలినపుడు నడచి పోవును. ఆడపిల్లలు తలలు దగ్గఱగా చేర్చి కబుర్లాడుదురు. ఒకే చాపమీద, ఒకే దిండుమీద పండుకొందురు. జడలు పొడవుగా నుండును. అందుచేతనే వారిలో పేలు ఎక్కువగాని వారు మగపిల్లలకంటె అశుభ్రముగా నుండుటచేత కాదు. విజయదశమి వెళ్లిన మంగళవారమున విజయనగరములో పైడితల్లి సిరిమానోత్సవమునకు మన ప్రాంతపు బంధువులందఱు ఒకచోట చేరుదురు. పదిమంది పిల్లలు ఒక గదిలో పండుకొందురు. ఊరి సంబరములకును, సంక్రాంతికిని, పెండ్లిండ్లకును ఇంతే. పిల్లలను కలియనీయకుడని మేము చెప్పము. ఇంటికి వచ్చిన వారమునాడు తల చూడుడని మాత్రము చెప్పుదుము.

దురద పుట్టినపుడు చూతములెమ్మని ఊరకుండరాదు. మొదటిసారి పేలెక్కిన బిడ్డకు దురద పుట్టుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టవచ్చును. బిడ్డ గోకుకొనుట మనకంట పడునప్పటికి నెల గడచియుండును. ఆ నెలలో పేలు ఇంటిలో అందఱి తలలకును ప్రాకియుండును. అందుచేతనే వారపు నియమము వలయును. ఆదివారము తలంటు దినముగా నున్న యింట ఆ దినమే దీనికిని తగినది.

చూచు విధమిది. పగటి వెలుతురున పెరటిలోనో అరుగుమీదనో బిడ్డను కూర్చుండబెట్టుడు. మీకు చత్వారముండిన కండ్లద్దములు పెట్టుకొనుడు. భూతద్దమున్న మఱియు మంచిది. కుంకుడుకాయతో గాని సీకాయతో గాని షాంపూతో గాని తల కడిగి, తడి యారకమునుపే కండిషనరును, అది లేనిచో కొబ్బరినూనెను దట్టముగా పట్టింపుడు. జిడ్డువలన పేను పరుగెత్తలేదు. దువ్వెనయు జారుగా నడచును. ముందు వెడల్పు పండ్ల దువ్వెనతో చిక్కు తీయుడు. పిమ్మట జుట్టును నాలుగు పాయలు చేసి, పేలదువ్వెన పండ్లను మాడుకు తగులునట్లు ఆనించి కొసవఱకు మెల్లగా లాగుడు. లాగిన ప్రతిసారియు తెల్లని గుడ్డమీద దువ్వెనను తుడిచి చూడుడు. చెవుల వెనుకను, మెడపైని కుదుళ్లలోను మఱింత శ్రద్ధగా చూడవలయును. కదలు పేనొక్కటి కనబడినను పేలున్నట్లే. తెల్లని పొట్టువంటిది వ్రేలితో తోసిన జారివచ్చినచో అది చుండ్రు. వెండ్రుకను పట్టుకొని కదలకున్నచో ఈరు.

పొడిజుట్టును పాయలు తీసి కంటితో చూచుటకంటె తడిజుట్టును ఈ విధముగా దువ్వి చూచుట నమ్మదగినది. పేను వెలుతురుకు వెఱచి దాగుకొనును. కంటికి చిక్కని పేను దువ్వెనకు చిక్కును. మన యమ్మమ్మలు ఈరుపెన యని పిలిచిన సన్నపండ్ల సాధనమిదియే. గాజుల దుకాణములలోను సంతలలోను స్వల్పపు వెలకే దొరకును. పండ్ల నడుమ ఎడము మిల్లీమీటరులో మూడవవంతునకు మించకున్నదే కొనుడు. వంగని లోహపు పండ్లు మంచివి.

పేలు కనబడినచో ఏమి చేయవలయును? ఈ దువ్వుటనే ఒక లెక్క ప్రకారము సాగింపవలయును. మొదటి దినమున పైని చెప్పినట్లు తలయంతయు దువ్వుడు. మరల ఐదవ దినమున, తొమ్మిదవ దినమున, పదమూడవ దినమున దువ్వుడు. ఈ లెక్క ఏలయనగా, మొదటి దినమున పెద్దపేలు పోయినను ఈళ్లు మిగులును. వానినుండి క్రొత్తగా వెలువడిన పిల్లలు పెరిగి గ్రుడ్లు పెట్టుటకు తొమ్మిది దినములైనను పట్టును గదా. నాలుగు దినములకు ఒకసారి దువ్వెన పడినచో వానికి ఆ యవకాశము చిక్కదు. పదునేడవ దినమున చూచినపుడు పేనేమియు లేకున్నచో పని ముగిసినట్లు. నడుమ ఏనాడైనను పెద్దపేను కనబడినచో లెక్కను మరల మొదటినుండి ప్రారంభింపుడు. పొడవైన జుట్టునకు అరగంట పట్టును. గొల్లపల్లిలో పనసకఱ్ఱను తొలిచి బొబ్బిలి వీణను చేయు శిల్పి తొందరపడునా? ఈ పనికిని అట్టి యోరిమియే కావలయును. బిడ్డకు ఒక కథ చెప్పుచు దువ్వినచో ఆ యరగంట ఇరువురకును భారము కాదు.

ఇది వట్టి ముసలమ్మల మాట కాదు. బ్రిటనునందు ఈ పద్ధతిని అచ్చటి దుకాణములలో అమ్ముడగు పేలమందులతో పోల్చి చూచి ఆ ఫలితమును 2005లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. తడిజుట్టును పేలదువ్వెనతో దువ్విన పిల్లలలో నూటికి 57 మందికి పేలు పోయెను. మందు వాడినవారిలో నూటికి 13 మందికి మాత్రమే పోయెను. పేలు ఆ మందులకు అలవాటుపడి లొంగకుండుటయే దీనికి ముఖ్యకారణము. దువ్వెనకు అలవాటుపడి తప్పించుకొను పేను లేదు.

మఱియొక నియమము. ఒక బిడ్డ తలలో పేను కనబడిన దినముననే ఇంటిలో అందఱి తలలను చూడవలయును. తల్లి తల, మామ్మ తల, తమ్ముని తల, పనిలో తోడ్పడు మనిషి తల, ఒక్కటియు విడువరాదు. పిల్ల తలను శుభ్రపఱచి తన తలను మఱచిన తల్లి, రాత్రి ప్రక్కలో పండుకొనబెట్టుకొని పేలను తానే తిరిగి ఇచ్చుచున్నది.

దువ్వుటకు తీరికలేని యింట, లేదా పేలు మితిమీరియున్న తలకు మందు వాడవచ్చును. కాని వైద్యుని యడిగి వాడవలయును. పెర్మెత్రిను నూటికి ఒక పాలుగా గల మందును తడితలకు పట్టించి పది నిమిషములుంచి కడిగివేయుట వాడుకలో నున్నది. ఈళ్లు అన్నియు ఒక్కసారికి చావవు కనుక తొమ్మిది దినములకు మరల పట్టింపవలయును. చాలమంది ఈ రెండవసారి మఱచి, మందు పనిచేయలేదని దూఱుదురు. రెండు నెలలు నిండని పసిబిడ్డలకు దీనిని వాడరాదు. గర్భిణులును, మాడుపై పుండ్లున్నవారును ముందుగా ఊరి ఏ.ఎన్.ఎం.ను గాని ప్రభుత్వాసుపత్రి డాక్టరును గాని అడుగవలయును.

ఇప్పుడు చేయరాని పనులు చెప్పెదము; వీనిని మిగుల శ్రద్ధతో చదువ వేడుచున్నాము. కిరసనాయిలు తలకు పూయరాదు. అది చర్మమును పొక్కించును. దాని యావిరి ఊపిరికి చెఱుపు. ఆ తలతో పిల్ల పొయ్యి దగ్గఱకు గాని దీపము దగ్గఱకు గాని పోయినచో ప్రాణమునకే ముప్పు. చేలకును దోమలకును చల్లు పురుగుమందులను తలకు తాకింపరాదు. వెనుకటి దినములలో గమాక్సిను పొడిని తలలకు రాచినవారు కలరు. ఆ బి.హెచ్.సి. మందు విషమగుటచేతనే 1997లో మన దేశమున నిషేధింపబడినది.

సీతాఫలపు గింజల మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన కొండప్రాంతములలో సీతాఫలములు విరివిగా పండును. గింజలను ఎండబెట్టి నూఱి తలకు పట్టించుట పాత యలవాటు. ఆ పొడి చెమటతోనో నీటితోనో జారి కంటిలో పడినచో కంటి నల్లగ్రుడ్డుమీది పొర పుండై తీవ్రమైన బాధ కలుగును. ఇట్టి రోగులను చూచిన సంగతిని మన దేశపు కంటివైద్యులు వ్రాసియున్నారు. పేనుకొఱకు కన్నును పణముగా పెట్టవచ్చునా? అట్లే కొబ్బరినూనెలో కర్పూరము కలిపి చిన్నబిడ్డల తలలకు పట్టింపకుడు. కర్పూరము నోటబడిన బిడ్డలకు మూర్ఛలు వచ్చును. వేపాకు నూఱి పట్టించుట వలన అంత కీడు లేదు. కాని దానిని నమ్ముకొని దువ్వెనను మానరాదు. వేపనూనె చంటిబిడ్డల నోటికి తగులకుండ చూచుకొనుడు.

బట్టలు, పడకలు అంటిరా? ఇల్లంతయు కడిగి మందు చల్లవలసిన పనిలేదు. గత రెండు దినములలో బిడ్డ వాడిన దిండుగలీబులు, తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీట ఉదికి మంచి యెండలో ఆరవేసిన చాలును. దువ్వెనలను చేయి పట్టలేనంత వేడినీటిలో పది నిమిషములుంచుడు. అట్లు వేయలేని రిబ్బనులవంటి వస్తువులను రెండు మూడు దినములు ఎవరును తాకక పక్కనుంచిన, అందలి పేలు వాటంతట అవియే చచ్చును. ఎవరి దువ్వెన వారిదిగా నుంచుట, బడికి పోవు ఆడపిల్లకు జడ బిగువుగా అల్లుట మేలు.

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. తలలో పేను కనబడినదని పిల్లను బడినుండి పంపివేయుట, వెనుక బల్లమీద వేఱుగా కూర్చుండబెట్టుట, పేరుపెట్టి పిలిచి నవ్వుట, అడుగకయే జడ కత్తిరించుట అక్కడక్కడ నేటికిని జరుగుచున్నవి. సింహాచలమునకో తిరుపతికో పోయి తలనీలాలిచ్చుట వేఱు. అది భక్తితో చెల్లించు మ్రొక్కు. పేలున్నవని ఆడపిల్లకు బలవంతముగా గుండు గీయించుట వేఱు; అది శిక్ష. పదిమందిలో తలదించుకొన్న యాడపిల్ల మఱునాడు బడికి రానని యేడ్చును. మన పల్లెలలో ఆడపిల్ల బడి మానుటకు ఏపాటి నెపమైనను చాలును గదా! పేను కొన్నాళ్లలో పోవును. మానిన చదువు తిరిగి రాదు.

అమెరికాలోని శిశువైద్యుల సంఘము 2022లో ప్రకటించిన సూచనలలో పేలుగాని ఈళ్లుగాని ఉన్నవను కారణముతో ఏ బిడ్డనైనను బడికి రాకుండ ఆపరాదని చెప్పియున్నది. కారణము మనము పైన చదివినదే. మన కంట పడునప్పటికి పేలు నెలనుండియే యున్నవి. ఆ యొక్కదినము పంపివేసినందువలన ఎవరికిని మేలు లేదు. ఆ సాయంత్రమే ఇంటికి కబురు చేసి, తల దువ్వించుమని మెల్లగా చెప్పుటయే ఉపాధ్యాయుల కర్తవ్యము.

తల్లికి దూరముగా నుండు పిల్లల మాట మఱువరాదు. మన ప్రాంతమునుండి ఇండ్లు కట్టు పనులకై హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు వలసపోవు కుటుంబములు అనేకములు. కొందఱు పిల్లలను వెంట తీసికొనిపోయి ఒకే పాకలో నలుగురితో కలిసి పండుకొనబెట్టుదురు. కొందఱు మామ్మలకడ విడిచిపోవుదురు. 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలోను, మన్యపు ఆశ్రమ పాఠశాలలలోను ఎందఱో బాలికలు ఇల్లు విడిచి చదువుకొనుచున్నారు. వారి తల చూచునది ఎవరు? వసతిగృహములను నడపు సోదరీమణులకు మా మనవి యిది: ఆదివారమునాడు ఒక గంట కేటాయించి, పిల్లలను ఇద్దఱిద్దఱిగా జతచేసి, పెద్దపిల్ల చిన్నపిల్ల తలను, చిన్నపిల్ల పెద్దపిల్ల తలను దువ్వునట్లు ఏర్పాటు చేయుడు. అందఱును చేయు పనిలో సిగ్గుండదు. ఒక్కదినముననే అందఱి తలలు దువ్వినచో పేను దాగుటకు చోటుండదు. వీధిలో తల్లి లేని బిడ్డ, తల్లి వలసపోయిన బిడ్డ ఉన్నచో, మీ పిల్ల తల చూచు వేళ ఆ బిడ్డను కూడ పిలువుడు. అది ఆ బిడ్డకు ఉపకారము, మీ బిడ్డకు రక్షణ.

బిడ్డతో మాటలాడు తీరునందును జాగ్రత్త వలయును. ఛీ, ఎక్కడ తెచ్చితివే యని అడిగినచో రెండవసారి దురద పుట్టినను ఆమె చెప్పదు. అందఱికిని వచ్చునమ్మా, దువ్వుకొందము రమ్మని పిలిచినచో తానే వచ్చి మీ యెదుట కూర్చుండును. చెప్పుకొనగల బిడ్డయింట పేను నిలువలేదు.

ఒక మంచి పేలదువ్వెన, ఒక తెల్లని గుడ్డ, వారమునకు ఒక యరగంట. ఇంతకుమించి ఖర్చు లేదు. ఈ మాసపు పత్రిక చేరిన ఆదివారముననే మా సోదరీమణులు ఈ పనికి శ్రీకారము చుట్టుదురుగాక యని ఆశించుచున్నాము.